మేం తెల్లగా చేసిన ముఖాలు

ఫోన్లో ఫోటో తీసుకోగానే ముఖం దానంతటదే తెల్లబడితే మీరు ఆశ్చర్యపోరు. ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నారు కాబట్టి అదొక సంగతిగా కూడా మీకు తోచదు. ఒకప్పుడు ఆ పని మనుషులు చేసేవాళ్ళు. హిందూపురంలో చేసినవాళ్ళలో నేనొకణ్ణి, చాలా బాగా చేసేవాణ్ణని పేరు కూడా ఉండేది. ఆ పేరు ఏం చేసిపెట్టిందో చెబుతాను, ఓపికుంటే వినండి.

తొంభైల్లో నేను హిందూపురం బజారులో ఒక కలర్ ల్యాబులో ప్రింట్లు వేసేవాణ్ణి. ఇల్లు పెనుకొండలో. పొద్దున బస్సుకు వచ్చి, సాయంత్రం బస్సుకు వెళ్ళేవాణ్ణి. చుట్టుపక్కల ఊళ్ళ స్టూడియోలవాళ్ళు నెగెటివులు తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఒక్కోదాన్ని మిషన్లో పెట్టి, చిన్న తెర మీద చూసి, ఎరుపెంత, పసుపెంత, వెలుతురెంత అని మీటలు నొక్కాలి. అంతా కంటి లెక్కే. ప్రతి స్టూడియోవాడూ కవరు చేతికిస్తూ ఒకే మాట అనేవాడు: “మొగాలు కొంచెం తెల్లగా రానీప్పా.” కొన్నాళ్ళకు వాళ్ళు అనడం మానేశారు. నేనే చేసేస్తానని తెలిసిపోయింది. పెళ్ళికూతురైనా, పెళ్ళిపెద్దైనా, పక్కన పళ్ళెం పట్టుకున్న మేనత్తైనా సరే, నా చేతి మీదుగా వెళ్ళిన మనిషెవరూ సొంత రంగుతో వెళ్ళలేదు. కూరలో ఉప్పు వేసినట్టు వేసేవాణ్ణి. దాన్ని మోసమని ఎవరూ అనుకోలేదు. నేనైతే కళ అనుకున్నాను.

తర్వాత డిజిటల్ కెమెరాలు వచ్చాయి, నెగెటివులు తగ్గాయి. మా ఓనరు ఊరికే కూర్చునే మనిషి కాదు. సగం కన్నడం సగం తెలుగు కలిపి మాట్లాడుతూ బెంగుళూరుకూ హిందూపురానికీ మధ్య తిరుగుతూనే ఉండేవాడు. ఒకరోజు వచ్చి, “ఏమబ్బా, ఇంక కాయితం పనైపోయె. ఇంటర్నెట్లో ఫోటోల అంగడి తెరుస్తాండాం. సరదాకు ఫోటోలు తీసుకునేవాళ్ళంతా ఆడికి రావల్ల” అన్నాడు. నాకు కంప్యూటరు ముట్టుకోవడమే భయం. అయినా ల్యాబు పైన ఉన్న గదిలో నన్ను కూర్చోబెట్టి, ఫోటో ఎడిటరని పేరు పెట్టాడు. సభ్యులు పెట్టిన ఫోటోలు చూడడం, పనికిరానివి తీసేయడం, వారానికొకటి మేటి చిత్రమని ఎంచడం నా పని.

సైటు తయారుచేసింది ఒక పరిగి అమ్మాయి. అనంతపురంలో ఇంజనీరింగు చదివి వచ్చింది. వాళ్ళ నాయన బడిలో అటెండరు. చాలా తక్కువగా మాట్లాడేది. తల వంచుకుని టకటకా కొడుతూ ఉంటే, సాయంత్రానికి సైటులో ఏదో ఒక కొత్త ఫీచరు వచ్చేది. ఫోటో కింద అభిప్రాయం రాయడం, నచ్చినవాటిని పక్కన పెట్టుకోవడం, వాటంతటవే ఒకదాని తర్వాత ఒకటి మారే స్లైడ్ షో, అన్నీ ఆ అమ్మాయి చేతి పనే. బ్యాంకు గుమాస్తాలు, టీచర్లు, మందుల షాపులవాళ్ళు, ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే ఒకాయన, ఇలాంటివాళ్ళు మా సభ్యులు. అందరికీ మా ఓనరు ఇచ్చిన మాట ఒకటుంది. మీరు ఎంత సైజులో పెడితే అంత సైజులో మా దగ్గర భద్రంగా ఉంటుంది అని. అప్పట్లో చాలామందికి ఇంట్లో కంప్యూటరు లేదు. నెట్ సెంటరుకు వెళ్ళి ఫోటోలు మా సైటులోకి ఎక్కించి, కెమెరాలో కార్డు తుడిచేసుకుని వెళ్ళేవాళ్ళు. మా మాట మీద అంత నమ్మకం.

ఆ సభ్యుల్లో ఒక లైన్‌మన్ ఉన్నాడు. సొంతూరు కనగానపల్లి వైపు, ఉద్యోగం ముదిగుబ్బ చుట్టుపక్కల. ఒక ఆదివారం సభ్యులంతా పెనుకొండ కొండెక్కి ఫోటోలు తీసుకుందామని అనుకున్నప్పుడు మొదటిసారి చూశాను. అందరూ కోట గోడలూ బురుజులూ తీస్తుంటే, ఇతను దారిలో కట్టెలు దించుకుని కూర్చున్న ఆడవాళ్ళ దగ్గర ఆగిపోయాడు. వాళ్ళతో మాట్లాడుతూ, మాట్లాడుతూ, వాళ్ళు కెమెరా సంగతి మరిచిపోయాక తీశాడు. అతని ఫోటోలన్నీ అంతే. చెనక్కాయలు పీకే కూలీలు, గొర్రెల వెనక నడిచే మనుషులు, నీడలో అన్నం మూట విప్పుకున్నవాళ్ళు. కొంచెం చీకటిగా ఉండేవి. నల్లటి ముఖాల్లో కళ్ళు మాత్రం మెరుస్తూ ఉండేవి.

“వెలుతురు తక్కువ పెడ్తాండావప్పా. ఇంకొంచెం తెరువు” అని సలహా ఇచ్చాను. పెద్దవాణ్ణి కదా, అడగకపోయినా ఇస్తాను.

“తక్కువ కాదు సార్, మావాళ్ళు అంతే ఉంటారు” అన్నాడు. మళ్ళీ తనే, “మా అమ్మ ఎట్లుంటాదో అట్ల ఒక్క ఫోటోలో గూడా లేదు సార్. పెండ్లి ఫోటోలో తెలుపు. రేషన్ కార్డు ఫోటోలో ఇంగా తెలుపు. స్టూడియోలో ఎవురు తీసినా అంతే. నేను తీసేటివే మా అమ్మవి. అందుకే తీస్తాండా” అన్నాడు.

వాళ్ళ ప్రాంతం స్టూడియోల ప్రింట్లు కూడా మా ల్యాబులోనే పడేవి. ఆ సంగతి నేను చెప్పలేదు. నవ్వి ఊరుకున్నాను.

మరుసటి ఏడాది మా సైటుకు సభ్యులు పెరగడం ఆగిపోయింది. పెద్ద పెద్ద దేశాల సైట్లు వచ్చేశాయి. మన దగ్గర మాత్రమే ఉండే ఫీచరు ఒకటి కావాలని ఓనరు పట్టుబట్టాడు. నా బుర్రలో మెరిసింది. మిషన్ మీద ఇన్నేళ్ళు నేను చేసిన పనిని కంప్యూటరుకు నేర్పితే? ఫోటోలో ముఖం ఎక్కడుందో కనిపెట్టే పద్ధతి ఆ అమ్మాయికి తెలుసు. ముఖం దొరికాక దాన్ని ఎంత తెల్లగా చేయాలో, ఎంత నునుపు చేయాలో నాకు తెలుసు. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. నేను చూసి చెప్పేవాణ్ణి, ఆమె దాన్ని అంకెల్లోకి మార్చేది. “ఇంకొంచెం... చాలు... ఎరుపు తగ్గించమ్మా...” అలా వారాల తరబడి. ల్యాబు మూతబడినా నా చేతివాటం ఇందులో బతుకుతుందని నాకు మహా సంబరం. దానికి ‘మెరుగు’ అని పేరు పెట్టింది కూడా నేనే.

విడుదల చేసే ముందు రోజు ఆ అమ్మాయి అడిగింది. “సార్, కొంతమందికి ఒద్దేమో. అడిగి చేద్దామా?”

“తెల్లగా ఒద్దనేవాడు మన జిల్లాలో యాడన్నా ఉండాడామ్మా?” అన్నాను.

ఓనరు పగలబడి నవ్వాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. “పోనీ, పాతవి ఒక పక్కన దాచి పెడదామా?” అంది.

“బాగుచేసినాక పాతవి ఎందుకమ్మా? అంత డిస్కు యాడ తెస్తాం?” అన్నాడు ఓనరు. అంతే. కొత్తగా వచ్చే ఫోటోలకే కాదు, అప్పటిదాకా ఉన్న ఫోటోలన్నిటికీ మెరుగు పట్టించేశాం. అది పాత ఫోటో తీసేసి, దాని చోటులో కొత్తది పెట్టేస్తుంది.

లైన్‌మన్ కొండ మీద చెప్పిన మాట ఆ రోజు నాకు గుర్తే రాలేదు. గుర్తొచ్చినా పక్కన పెట్టానని చెబితే కాస్త పెద్దమనిషి తప్పులా ఉండేది. అదీ కాదు. రాలేదు, అంతే.

మెరుగు బ్రహ్మాండంగా పోయింది. మెచ్చుకోళ్ళు వరస కట్టాయి. “మా ఆవిడ మొదటిసారి నా కెమెరాను తిట్టలేదు” అని ఒక టీచరు రాశాడు. కొత్త సభ్యులు వచ్చారు. ఓనరు అందరికీ బిరియానీ తెప్పించాడు.

రెండు మూడు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం లైన్‌మన్ మెట్లెక్కి వచ్చాడు. ప్యాసింజరు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా చెమటకు తడిసి ఉంది. ముఖం మాత్రం వెలిగిపోతోంది. ఆ ఎండాకాలం గాలివానలకు స్తంభాలు వరసగా పడిపోయి, నెలల తరబడి ఊపిరాడని పని అని, సైటు తెరిచి చూసుకుని ఎన్నాళ్ళో అయిందని చెప్పాడు. తర్వాత అసలు సంగతి. బెంగుళూరులో ఫోటోల పిచ్చి ఉన్నవాళ్ళు కొందరు, ఎప్పుడో ఇతని ఫోటోలు మా సైటులో చూసి మనసు పారేసుకున్నారట. ప్రదర్శన పెడుతూ ఒక గోడంతా ఇతనికే ఇస్తామన్నారట.

“మా అమ్మ ఫోటోను తలుపంత సైజు చేస్తారంట సార్! ఒరిజినల్స్ పంపియ్యమన్నారు. మీ దగ్గరే గదా ఉండాయి, సీడీలో ఏసి ఇస్తారని వస్తి.”

నా కుర్చీ అతనికిచ్చి, అతని పేజీ తెరిచి, వెనక నిలబడ్డాను. ఏమనుకుంటూ నిలబడ్డానో తెలుసా? మెచ్చుకుంటాడని. నా పనితనం ఇంత మంచి ఫోటోల మీద ఎలా కుదిరిందో చూసి నోరెళ్ళబెడతాడని.

అతను మౌస్ నొక్కాడు. తర్వాతది. ఆ తర్వాతది.

“ఎట్లుండాయప్పా?” అన్నాను.

“ఇది నా పేజీ కాదు సార్.”

“నీదే.”

“మరి వీళ్ళెవురు?”

అప్పుడు నేనూ అతని భుజం మీదుగా వంగి చూశాను. చెనక్కాయ చెట్లు చేతిలో పట్టుకుని వాళ్ళమ్మ. మెరుగు ముఖాన్నే పట్టుకుంటుంది, మిగతాది ముట్టుకోదు. చేతులు నల్లగా, మట్టి అంటుకుని, ఎట్లున్నవి అట్లే ఉన్నాయి. కాళ్ళూ అంతే. వాటి పైన మాత్రం పసుపు రాసినంత తేటగా, ఒక్క ముడత లేకుండా ఎవరో ఆవిడ ముఖం. గొర్రెల కాపరిదీ అదే ముఖం. కట్టెల ఆడవాళ్ళవీ అవే ముఖాలు. నేను ఇన్నేళ్ళు వేసిన పెళ్ళి ఆల్బముల్లోని ముఖాలు.

“మా అమ్మ చేతులు ఉండాయి సార్. మొగం యాడికి పాయ?” అన్నాడు. గొంతు పెంచలేదు. “సరే, ఇవి మీకు కావల్లంటే పెట్టుకోండి. పాతవి ఇయ్యండి.”

నేను అమ్మాయి వైపు చూశాను. ఆమె లేచి నిలబడింది. “లేవన్నా” అంది. సైటు పాడైతే పనికొస్తుందని దాచిన కాపీ ఒకటి ఉండేది. వారానికోసారి తీసే ఆ కాపీ కూడా మెరుగు పట్టినవాటితో ఎప్పుడో నిండిపోయింది. ఆ సంగతి ఆమె మెల్లగా, ఒక్కో ముక్కా చెప్పింది. ఓనరు కింద ఎవరితోనో ఫోన్లో నవ్వుతున్నాడు.

“కార్డులో లేవా అప్పా?” అన్నాను. అడగకూడని ప్రశ్న.

“తుడిచేస్తి గదా సార్. ఈడ భద్రంగా ఉంటాయని మీరే చెప్తిరి.”

తిడితే బాగుండునని ఎదురుచూశాను. తిట్టలేదు. మంచినీళ్ళు ఇస్తే తాగాడు. ఏదైనా చేయొచ్చేమో చూడమని చెప్పి సాయంత్రం రైలుకు వెళ్ళిపోయాడు.

అమ్మాయీ నేనూ చూడనిది లేదు. తెలుపు చేసిన అంకెల్నే తలకిందులు చేసి నలుపు చేశాం. బూడిద పూసినట్టు వచ్చింది. మెరుగులో చెరిగిపోయిన ముడతలు, కంటి కింది నీడలు వెనక్కి రావు. ఇక నాకు తోచింది ఒక్కటే. మనుషుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, రంగు కళ్ళారా చూసుకుని, ఒక్కో ముఖాన్నీ చేత్తో దిద్దడం. నాకొచ్చిన విద్య అదే కదా, ఈసారి వెనక్కి చేద్దామనుకున్నాను. లైన్‌మన్ సెలవు చూసుకుని, నేనూ ఆ అమ్మాయీ ప్రింట్లు పట్టుకుని వాళ్ళ ఊరికి బయల్దేరాం.

బస్సు ధర్మవరం దాటాక ఆ అమ్మాయి కిటికీలోంచి చూస్తూనే అంది. “నా సంబంధం ఫోటో కూడా మీరే వేసినారు సార్, చదువుకునేటప్పుడు. చూసి ఇష్టపడి పెండ్లిచూపులకు వచ్చినారు. నన్ను చూసి కాఫీ తాగి వెళ్ళిపోయినారు.” ఆమెది మంచి చామనఛాయ, ఇంకా చెప్పాలంటే నలుపు. నాకు ఆ ఫోటో గుర్తు లేదు. గుర్తుండడానికి అది ఒక్కటి కాదు కదా. “అప్పుడే చెప్పుండచ్చు గదమ్మా” అన్నాను. “ఏమని సార్?” అంది. కనగానపల్లి వచ్చాక దిగాం.

లైన్‌మన్ వాళ్ళ ఇల్లు చిన్నది, ముందు బండలు పరిచిన అరుగు. వాళ్ళమ్మ మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. పక్కిళ్ళ ఆడవాళ్ళూ వచ్చారు. అందరూ ఆ ఫోటోల్లో ఉన్నవాళ్ళే. రంగు పోల్చుకోవడానికని నేను ప్రింట్లు మంచం మీద పరిచాను.

అందరూ మంచం మీదికి వంగారు. ఆ తర్వాత కేరింతలు.

“అబ్బ! ఇది నేనా?”

“సూడే, సినిమా దాని మాదిరి ఉండావు!”

“నాకొకటి ఇయ్యప్పా, మా కూతురికి సూపిచ్చుకుంటా.”

వాళ్ళమ్మ తన ఫోటో చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “ఇది ఎవురు సేసినారు?” అంది.

కొడుకు నన్ను చూపించాడు.

“సల్లగుండు నాయనా” అంది నాకు రెండు చేతులూ జోడించి. “మా వోడు ఇన్నాళ్ళూ తీస్తాడు, తీస్తాడు, ఒక్కదాంట్లో గూడా బొగ్గు తప్ప ఏముండాది? ఎవురికన్నా సూపియ్యల్లంటే సిగ్గయితాండె.” కొడుకు వైపు తిరిగింది. “రేయ్, ఈ సార్ దగ్గర కొన్నాళ్ళు ఉండి నేర్చుకోరాదా?”

కొడుకు గుంజకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. “సరేమా” అన్నాడు.

నా ఉద్యోగం మొత్తంలో నాకు దక్కిన అతి పెద్ద మెచ్చుకోలు అది. మనస్ఫూర్తిగా, చేతులు జోడించి, కన్నీళ్ళతో ఇచ్చింది. నేను తల ఎత్తలేకపోయాను. ‘కాదమ్మా, నీ కొడుకు తీసిందే నువ్వు’ అని చెప్పాల్సింది. చెబితే ఆమె చేతిలో ఉన్న సంతోషాన్ని లాక్కోవాలి. చెప్పకపోతే అతని ముఖం చూడాలి. రెండూ చేయలేక మజ్జిగ గ్లాసు చూస్తూ కూర్చున్నాను.

వచ్చిన పనైనా చేద్దామని, “అమ్మా, ఒక్కసారి ఈ ఎండలోకి వచ్చి కూర్చుంటావా, మొగం రంగు చూసుకోవల్ల” అన్నాను. “ఉండు నాయనా” అని గబగబా లోపలికి వెళ్ళింది. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, తెల్లగా పౌడరు పూసుకుని వచ్చి, ఫోటోలో ఉన్నట్టే మెడ నిటారుగా పెట్టి కూర్చుంది. వెనకే మిగతా ఆడవాళ్ళు కూడా ఆ డబ్బీ కోసం లోపలికి పరుగెత్తారు. ఇక నేను చూడడానికి ఏ రంగూ మిగలలేదు.

బస్సు దాకా లైన్‌మన్ మాతో నడిచి వచ్చాడు. “ఇంక దిద్దొద్దు సార్. వదిలేయండి” అన్నాడు. “అమ్మకు మాత్రం ఆ ఫోటో పెద్దది ఏసి ఇయ్యండి. నల్లగా చేయొద్దు. ఆమెకు అదే కావల్లంట.” బెంగుళూరు వాళ్ళకు రావడం లేదని కబురు పంపేశాడు. ఆ ప్రింటు నేనే వేశాను. కుదిరినంత బాగా వేశాను.

ఓనరుతో గొడవపడి మెరుగు తీయించేశాం. అందులో అమ్మాయి మొండితనమే ఎక్కువ. తీసేస్తే ఎంత గోలో తెలుసా? ఎందుకు తీశారు, మళ్ళీ పెట్టండి అని పొగిడినప్పటికంటే ఎక్కువమంది రాశారు. సగంమంది సభ్యులు వెళ్ళిపోయారు. ఆ అమ్మాయికి బెంగుళూరులో మంచి ఉద్యోగం వచ్చింది, ఆమె కూడా వెళ్ళిపోయింది. సైటు ఇంకొన్నేళ్ళు కుంటుతూ నడిచింది.

ఆ మధ్య కాలంలో ఒకసారి పెనుకొండ స్టేషన్లో లైన్‌మన్ కనిపించాడు. ఉండబట్టలేక అడిగాను. “పోయినవి పోయినాయి. మళ్ళీ తీయొచ్చు గదప్పా. అమ్మ ఉండాది, చేను ఉండాది.”

“కెమెరా చేతికి తీసుకుంటే సాలు సార్, పౌడరు డబ్బీ కోసం పోతాది. ఊర్లో అందురూ అంతే. నేను వస్తాంటే పని ఆపి నిలబడిపోతారు. ‘ఆ సార్ చేసినట్ల చెయ్యి’ అంటారు.” కొంచెం నవ్వాడు కూడా. “వాళ్ళకు నచ్చింది సార్. ఇంక మీది తప్పు అని ఎట్లనేది?”

కొన్నాళ్ళకు అతని పేజీలో మళ్ళీ ఫోటోలు రావడం మొదలైంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆత్రంగా తెరిచాను. కరెంటు స్తంభం. వంగిన కమ్మీ. తీగలు కట్టే పింగాణీ గిన్నెల వరస. ఆకాశంలో తీగలు. అన్నీ చక్కటి ఫోటోలు, వెలుతురు తెలిసినవాడి ఫోటోలు. మెరుగు ముఖం దొరికితేనే పని చేస్తుంది, ముఖం లేని ఫోటోను ముట్టుకోదు. దానికి భయపడే మనుషుల్ని తీయడం లేదేమోనని, అది తీసేసి చాలాకాలమైందనీ, ఇప్పుడు ఏ ఫోటో అయినా పెట్టొచ్చనీ ఫోన్ చేసి చెప్పాను.

“తెలుసు సార్” అన్నాడు.

సైటు మూతపడేదాకా పొద్దున ఆఫీసుకు రాగానే ముందు అతని పేజీ తెరిచేవాణ్ణి. స్తంభాలు, తీగలు, ఎండ. ఒక్క మనిషీ లేడు.